అమ్మ వెళ్ళిన చోటల్లా జ్వరమే

పదకొండో తరగతి చదివే రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందో అంతుపట్టదు. కోరాపుట్‌లో మా అద్దె ఇంటి అద్దం ముందు నిలబడి రెండు జడలు వేసుకునే లోపల ఈ దేశానికి ఏం చేస్తే బాగుపడుతుందో తేల్చేసేదాన్ని. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం ఎందుకు సాగదీసినట్టు ఉందో, మా నాన్న ఆఫీసులో ఫైళ్ళు ఎందుకు కదలవో, వానాకాలంలో మా వీధి కుళాయి నీళ్ళు ఎందుకు ఎర్రగా వస్తాయో, అన్నిటికీ నా దగ్గర జవాబులుండేవి. (ఎవరూ అడిగేవారు కాదు. అది వేరే సంగతి.) అలాంటి పిల్ల చేతికి లెక్కలతో సహా రుజువు చేసే విద్య ఒకటి దొరికితే ఏమవుతుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

ఆ విద్య నేర్పినవారు మా స్టాటిస్టిక్స్ మాస్టారు. సోంపేట ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. తరగతిలో ఒడియా, ఇంగ్లీషు కలిపి చెప్పేవారు గానీ మాలాంటి తెలుగు పిల్లలు వరండాలో ఎదురుపడితే చాలు, సొంత యాసలోకి దిగిపోయేవారు. ఎప్పుడు చూసినా గ్రాఫు కాయితం మీద చుక్కలు పెడుతూ కనిపించేవారు కాబట్టి ఆయనకు ‘సుక్కల మాస్టారు’ అని పేరు పెట్టుకున్నాం. రెండు విషయాల మధ్య సంబంధం ఉందో లేదో కనిపెట్టడం ఎలాగో చెప్పాల్సిన రోజున ఆయన పుస్తకం తెరవనేలేదు. మమ్మల్నందర్నీ మైదానంలోకి తీసుకుపోయి, సున్నంతో నేలమీద రెండు పెద్ద గీతలు గీశారు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. అడ్డగీత మీద ఇంటినుంచి బడికి ఎంతసేపు నడుస్తామో, నిలువుగీత మీద ఆ వారంలో ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చామో చూసుకుని ఎవరి చోట వాళ్ళు నిలబడమన్నారు. ఆయన మెట్లెక్కి డాబా మీదనుంచి కిందకి చూస్తూ, “ఇప్పుడు మీరే సుక్కలు, కదలకండి!” అని అరిచారు.

దూరం నుంచి వచ్చేవాళ్ళే ఆలస్యంగా వస్తారని మేమంతా అనుకుంటున్నాం. తీరా చూస్తే గంటసేపు నడిచి వచ్చే పిల్లలంతా కింద గీత పక్కన బుద్ధిగా నిలబడి ఉన్నారు. బడి వెనకాల హాస్టల్ పిల్లలూ, రోడ్డు దాటితే బడి ఉన్న నేనూ ఎక్కడో పైన, ఆలస్యాల శిఖరం మీద ఉన్నాం. మాస్టారు ఒక్కొక్కర్నే పైకి పిలిచి ఆ వాలు చూపించారు. నేను చాలామంది పంతుళ్ళ దగ్గర చదువుకున్నాను గానీ, నా బద్ధకాన్ని డాబా మీదనుంచి నాకే చూపించినవారు ఆయనొక్కరే. “దూరం పెరిగితే ఆలస్యం తగ్గుతున్నాది. సూసేవా?” అన్నారు. నా పక్కనున్న హాస్టల్ అమ్మాయి అమాయకంగా, “అయితే నేను దూరంగా కాపురం పెడితే టైముకి వస్తానా సార్?” అని అడిగింది. అందరం పడీ పడీ నవ్వాం, అందరికన్నా ఎక్కువగా నేను. మాస్టారు నవ్వలేదు. “మంచి ప్రశ్న, రేపు సెప్తాను” అన్నారు. గంట కొట్టేశారు. ఆ మర్నాటి నుంచి యూనిట్ పరీక్షలు వచ్చిపడ్డాయి, పరీక్షలవగానే ప్రాజెక్టులు. ఆ జవాబు అలా గాల్లోనే ఉండిపోయింది.

ప్రాజెక్టు అంటే, ఎవరికి నచ్చిన రెండు విషయాలు వాళ్ళు తీసుకుని, లెక్కలు సేకరించి, చుక్కలు పెట్టి, వాటి మధ్య సంబంధం ఎంత గట్టిదో ఒక అంకెలో తేల్చాలి. ఆ అంకె ఒకటికి దగ్గరగా వచ్చిందంటే బంధం గట్టిదన్నమాట. మిగతావాళ్ళు ఎత్తూ బరువూ, చదివిన గంటలూ మార్కులూ అంటూ పాత దారులే పట్టారు. నాకు అలాంటివి ఆనవు కదా. నా కన్ను మా అమ్మ రిజిస్టరు మీద పడింది.

మా అమ్మ నర్సు. ఆసుపత్రిలో బల్ల దగ్గర కూర్చునే నర్సు కాదు, ఊళ్ళమ్మట తిరిగే నర్సు. దసమంతపూర్ వైపు కొండల్లో పది చిన్న ఊళ్ళు ఆవిడవి. రోడ్డున్నంత మేరా స్కూటీ, రోడ్డు అయిపోయాక చెప్పులు చేతపట్టుకుని నడక. ఏ ఊరికి ఎన్నిసార్లు వెళ్ళిందో, ఏ ఊళ్ళో ఎంతమందికి జ్వరం వచ్చిందో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేది. అడగ్గానే ఇచ్చింది. “పేర్లు రాయకు అమ్మీ, అంకెలే ఎక్కించుకో. మనుషుల రోగాలు మన సొత్తు కాదు” అని ఒక్క షరతు పెట్టింది. సరేనని ఆ వానాకాలపు నాలుగు నెలల అంకెలూ ఎక్కించుకున్నాను. అడ్డగీత మీద ఆరోగ్య కార్యకర్త ఊరికి వెళ్ళిన సార్లు, నిలువుగీత మీద ఆ ఊళ్ళో జ్వరాలు. పది ఊళ్ళకి పది చుక్కలు. చీమల బారులా, కింది మూలనుంచి పై మూలకి తిన్నగా ఎక్కిపోయాయి! వర్గాలూ మొత్తాలూ వర్గమూలాలూ మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఒకటికి జానెడు దూరంలో కూడా లేదు అంకె, దాన్ని ఆనుకునే కూర్చుంది.

మాస్టారు ఆ లెక్క చూసి మురిసిపోయారు. “ఇంత శుద్ధంగా ఎవరూ సెయ్యలేదు” అని తరగతిలో ఎత్తి చూపించారు. ఆయన చూసినప్పటికి చార్టులో కింది భాగం ఖాళీగా ఉంది. దాన్ని నేను ప్రదర్శన రోజు పొద్దున్న నింపాను. ఎర్ర స్కెచ్ పెన్నుతో, పెద్ద అక్షరాలతో ఇలా రాశాను: ‘ఆరోగ్య కార్యకర్త సందర్శనలు పెరిగినకొద్దీ జ్వరాలు పెరుగుతున్నాయి. కావున సందర్శనలు తగ్గించినచో జ్వరాలు తగ్గును.’ రాశాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. నా కళ్ళకే నేను కలెక్టరులా కనిపించాను.

ప్రదర్శనకి తల్లిదండ్రులు వచ్చారు, చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు వచ్చారు. నా బల్ల దగ్గర గుంపు కట్టారు. నేను కర్ర పట్టుకుని, ఒక్కో చుక్కనీ పొడుస్తూ, ఖణీమని ఒడియాలో చెప్పుకుపోతున్నాను. వెళ్ళే కొద్దీ జ్వరం, వెళ్ళే కొద్దీ జ్వరం! గుంపు వెనకాల, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి, భుజాన మందుల సంచితో, మోకాళ్ళదాకా బురదతో మా అమ్మ నిలబడి వింటోంది. నేను చూశాను, చూసి ఇంకా గొంతు పెంచాను. నిజం చెబుతున్నాను, నమ్మండి, ఆ ‘ఆరోగ్య కార్యకర్త’ మా అమ్మేనన్న సంగతి ఆ క్షణంలో కూడా నాకు తట్టలేదు. లెక్క మొదలుపెట్టిన రోజునుంచీ ఆవిడ నాకు ఎక్స్. జ్వరం వై. అంతే.

అందరూ వెళ్ళాక అమ్మ దగ్గరికొచ్చి చార్టు పైనుంచి కిందదాకా నెమ్మదిగా చదివింది. “బాగా సెప్పేవు అమ్మీ. గొంతు బాగున్నాది” అంది. ఇంటికెళ్ళి వంకాయలు తరుగుతూ, “అయితే మరి రేపట్నుంచి నేను ఇంట్లోనే కూకుంటాను. ఊళ్ళో జ్వరాలన్నీ పోతాయి కదేటి?” అని అడిగింది. ఆవిడ వేళాకోళమాడుతోందని నాకు ఎలా తెలుస్తుంది? చాలా గంభీరంగా, “పూర్తిగా పోవమ్మా, తగ్గుతాయి” అన్నాను. అమ్మ కత్తిపీట మీదనుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఏడుస్తోందేమోనని కంగారుపడి వెళ్ళి చూశాను. గోడకి చేరబడి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. మరుసటి గురువారం అమ్మ మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. సంచి దించలేదు, కుర్చీలో అలాగే కూలబడింది. అడగ్గా అడగ్గా చెప్పింది. అందరికన్నా దూరంగా, వాగు పక్కనున్న ఊరికి వెళ్తే దారికి అడ్డంగా వెదురు బొంగు కట్టి ఉందట. ఆ ఊరి వార్డు మెంబరు మా ప్రదర్శనకి వచ్చాడు. చార్టు చూశాడు, కర్ర చూశాడు, నా గొంతు విన్నాడు, నమ్మాడు. (నమ్మక ఏం చేస్తాడు? నేనే నమ్మాను.) ఊరికెళ్ళి, దీదీ (ఆ ఊళ్ళవాళ్ళు మా అమ్మని అలాగే పిలుస్తారు) వస్తేనే జ్వరం వస్తోందని బళ్ళో లెక్కగట్టి చెప్పారని చెప్పేశాడు. “‘మేం అన్న మాట కాదు దీదీ, నీ కూతురే అన్నాది’ అన్నారే” అంది అమ్మ.

“అది తప్పని నువ్వు చెప్పలేదా?” అన్నాను.

“నేను సెప్తే ఇంటారేటి? నీకాడ సార్టు ఉన్నాది. నాకాడ ఏటున్నాది?” అని, ఎవరితోనో అన్నట్టు, “ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లొకత్తి ఉన్నాది. నిన్న వొళ్ళు ఎచ్చగా ఉన్నాదని ఆళ్ళమ్మ కబురంపింది. ఎలగున్నాదో ఏటో” అంది.

అప్పుడు తెలిసింది నాకు, నేను పెట్టిన ప్రతి చుక్క కిందా మనుషులున్నారని. ఆ రోజు అన్నం సయించలేదు. పొద్దున్నే బడికి పరుగెత్తాను. (ఆ ఏడాది మొత్తం మీద గంట కొట్టక ముందు బళ్ళో ఉన్నది ఆ ఒక్కరోజే.) మాస్టారు సైకిలు స్టాండు వేస్తున్నారు. చెప్పడం మొదలుపెట్టి సగంలో ఏడ్చేశాను. ఆయన చార్టు తెప్పించి, తాను చూడని ఆ కింది రెండు వాక్యాలూ చదివారు. తిడతారని కళ్ళు మూసుకున్నాను. ఆయన చార్టు చుట్టి చంకలో పెట్టుకుని, “ఆ హాస్టల్ పిల్ల అడిగింది గుర్తున్నాదా, దూరంగా కాపురం పెడితే టైముకొస్తానా అని? దానికి ఆ రోజే జవాబు సెప్పుంటే ఈ గొడవుండకపోను. సుక్కలు ఎలగ పెట్టాలో నేర్పేను, సుక్కల్ని ఏటడగాలో నేర్పలేదు. సగం తప్పు నాదే. పద, మీ అమ్మ బయల్దేరిపోకముందే ఎల్దాం” అన్నారు. అంతటి మాస్టారు పదహారేళ్ళ పిల్లతో అలా అనడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాత కూడా పెద్దగా వినలేదు.

ముగ్గురం బయల్దేరాం. అమ్మ స్కూటీ మీద నేను, వెనకాల ఎవరిదో మోటారు సైకిలు అడిగి తెచ్చుకుని మాస్టారు. రోడ్డు అయిపోయాక వానలో రెండు కొండలు. అమ్మ మేకలా ఎక్కిపోతోంది, మేమిద్దరం జారుతూ, పడుతూ, లేస్తూ వెనకాల. ఈ దారిన మా అమ్మ నెలకి ఎన్నిసార్లు వస్తుందో అంకె నాకు కంఠతా వచ్చు. దారి మాత్రం అదే మొదటిసారి చూడడం. అమ్మ సంచి సర్దుకునేలోపు మా ఇంట్లో కూర్చుని గీసిన ఇంకో కొత్త చార్టు మాస్టారు ప్లాస్టిక్ కవరులో తెచ్చుకున్నారు. వాన, వాగు, దోమ, జ్వరం, దీదీ అని బాణం గుర్తులతో బొమ్మలేసి, దేని తరువాత ఏది వస్తుందో నలభై నిమిషాల్లో వివరించేలా తయారుచేసుకున్నారు. మొదటి కొండ దిగేసరికే కవరులోకి నీళ్ళు పోయి, దోమ వచ్చి దీదీలో కలిసిపోయింది.

ఊరి మొగదల వెదురు బొంగు నిజంగానే ఉంది. దాని వెనక వార్డు మెంబరు, పదిమంది ఆడవాళ్ళు. అమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పాలి. దారిపొడుగునా ఒడియాలో ఒక వాక్యం వల్లె వేసుకుంటూ వచ్చాను. ‘మో మా జర ఆణే నాహి’, అంటే మా అమ్మ జ్వరం తేదు అని. ముందుకెళ్ళి, గొంతు సవరించుకుని, “మో మా జర ఆణే...” అన్నాను. అక్కడికొచ్చేసరికి ఏడుపు తన్నుకొచ్చి గొంతు పూడుకుపోయింది. ‘నాహి’ లోపలే ఉండిపోయింది. ఒడియాలో కాదనే మాట చివర్న వస్తుంది, అదే నా కర్మ! మా అమ్మ జ్వరం తెస్తుంది అని, కొండలెక్కి వచ్చి, వెక్కి వెక్కి ఏడుస్తూ మరోసారి ప్రకటించినట్టయింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా గోల చేశారు. వార్డు మెంబరు, చూశారా అన్నట్టు అందరి వైపూ చూశాడు. మాస్టారు తలపట్టుకున్నారు. నేను ‘నాహి, నాహి’ అని అరుస్తున్నాను గానీ ఆ గోలలో ఎవరికి వినిపిస్తుంది?

అంతలో ఒక ముసలమ్మ అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది. కాశీపూర్ వైపు కూతురింటికి వెళ్ళి ఆ ముందురోజే ఊరొచ్చిందట. నా గడ్డం పట్టుకుని మొహం ఎత్తి చూసి, అక్కడి దేశియా భాషలో ఏదో అడిగింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి ఊరివాళ్ళని అడిగింది. ఆవిడ అన్న మాటలు అమ్మ నాకూ మాస్టారికీ చిన్నగా తెలుగులో చెబుతూ వచ్చింది. “దీదీ వచ్చినాక మీ పిల్లలకి వొళ్ళు కాలిందా, కాలినాక దీదీకి కబురెట్టేరా?” అని అడిగిందట. “నాగలి ఇరిగితే వడ్రంగిని పిలిసేం. వడ్రంగి వచ్చేడు గనకే నాగలి ఇరిగిందంటారేటి? ఈ పిల్లకి బళ్ళో ఇదేనా సెప్తన్నారు?” అందట. ముందు ఒకామె కిసుక్కుమంది, తర్వాత అందరూ నవ్వేశారు. వార్డు మెంబరు కూడా తల గోక్కుంటూ నవ్వాడు. మాస్టారు తడిసిన చార్టు చంకలో పెట్టుకుని, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, వానచుక్కలు పడుతున్నా సరే ఆ రెండు మాటలూ రాసుకున్నారు. “నలభై నిమిషాల పాఠం, నలభై మాటలు కూడా పట్టలేదు సూసేవా!” అన్నారు. ఆయన మొహంలో ఓడిపోయిన మనిషి కనిపించలేదు. పండక్కి కొత్తబట్టలు చూసిన పిల్లాడి మొహంలా ఉంది.

వార్డు మెంబరే స్వయంగా కట్లు విప్పి బొంగు తీశాడు. ఒక చిన్న వయసు తల్లి, అప్పటిదాకా గుమ్మం చాటున నిలబడింది, చంటిపిల్లని ఎత్తుకుని బయటికొచ్చింది. పిల్ల కళ్ళు వాడిపోయి, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టుంది. అమ్మ అక్కడే అరుగు మీద కూర్చుని, పిల్ల మడమ మీద సూదితో గుచ్చి రక్తం బొట్టు మలేరియా పరీక్ష పట్టీ మీద వేసింది. ఆ పట్టీ మీద గీతలు పడేదాకా మేమంతా దానిమీదకి వంగి చూశాం. మలేరియానే. అమ్మ మాత్ర నలిపి, తల్లి పాలలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పోసింది. ఉమ్మేస్తుందేమోనని అరగంట అక్కడే కూర్చుంది. ఆ అరగంటలో ఆవిడ పిల్ల మొహం మీదనుంచి చూపు తిప్పలేదు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు, అడ్డుకున్నందుకు వాళ్ళనిగానీ, అడ్డుకునేలా చేసినందుకు నన్నుగానీ. నాకు ఆ రోజుదాకా మా అమ్మ అంటే అన్నం పెట్టే మనిషి, జడ వేసుకోమని కేకలేసే మనిషి. ఆ అరుగు మీద కూర్చున్న ఆవిడెవరో నేను ఎరగను.

తర్వాతి రెండు రోజులూ కూడా అమ్మ ఆ ఊరు వెళ్ళింది. మూడో రోజున ఆ చంటిది అమ్మ మెడలో ఉన్న గుర్తింపు కార్డు నోట్లో పెట్టుకుని కొరికిందని చెప్పి, పళ్ళ గాటు కూడా చూపించింది. (పళ్ళు ఇంకా రాలేదు, అది చిగుళ్ళ గాటు. అమ్మ ఒప్పుకోలేదు.) మాస్టారు సోమవారం తరగతిలో నా చార్టు మళ్ళీ వేలాడదీశారు. చింపేద్దాం సార్ అని బతిమాలినా వినలేదు. పైభాగం కింద ‘లెక్క సరి’ అనీ, కింది భాగం కింద ‘మాట తప్పు’ అనీ రాసి, సగం మార్కులిచ్చారు. ఆ మిగతా సగం పోవడంలో తన వాటా ఎంతో కూడా పిల్లలందరి ముందూ చెప్పారు. రెండూ కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదాన్ని పెంచుతున్నట్టు కాదనీ, ఏది ముందు, వెనక ఉండి రెంటినీ పెంచుతున్న మూడోది ఏదన్నా ఉందా అని అడగాలనీ చెప్పి, ఆ ముసలమ్మ నాగలి మాటలు ఆవిడ పేరుతోనే బోర్డు మీద రాశారు. ఆయన చదివిన డిగ్రీలన్నీ పక్కనపెట్టి ఒక కొండవూరి ముసలమ్మని పాఠ్యపుస్తకం చేసుకున్న ఆ సోమవారాన్ని నేను మర్చిపోలేదు.

ఇప్పుడు నేను రాయగడలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. పని ఏమిటంటే, నవ్వకండి, అంకెలు చూసి గ్రాఫులు గీయడం. మీటింగుల్లో పెద్దవాళ్ళు “దీన్నిబట్టి ఏం తేలింది?” అని అడుగుతారు. నేను వెంటనే నోరు తెరవను. ఆలోచిస్తున్నాను, మంచి తెలివైన మనిషి అనుకుంటారు. ఏం తేలిందో నిజంగానే తెలియక ఊరుకుంటానని వాళ్ళకి తెలియదు. అలా గుటకలు మింగుతూ కూర్చున్నప్పుడు, కర్ర పట్టుకుని ఖణీమని మోగిన ఆ రెండు జడల పిల్ల మీద ఒక్కోసారి నాకు ఈర్ష్య పుడుతుంది. అంత తప్పు అంత ధైర్యంగా ఇక నేను చెప్పలేను.

అమ్మ రిటైరై కోరాపుట్‌లోనే ఉంటోంది. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. మొన్న కూడా చేసింది.

“ఏటమ్మీ, ఆఫీసులో ఇయ్యాల ఏటి తేల్చేవు?”

“ఇంకా ఏమీ తేలలేదమ్మా. చూస్తున్నాను.”

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. కొంగు నోట్లో కుక్కుకుందో ఏమో.

“ఎదిగేవే” అంది. “సరే, ముందు అన్నం తిను.”